నీటి దారి వెంట: అక్వేరియం ఫిల్టర్‌లో ధార సన్నబడితే ఏం చేయాలి?

ఈ పాఠంలో నేర్చుకునేవి

- అక్వేరియం ఫిల్టర్‌లో నీళ్లు ఎందుకు తగ్గుతాయో వరుసగా వెతకడం
- నీటి ప్రవాహానికి సంబంధించిన తెలుగు మాటలు: ధార, పూడిక, పాచి, గార, తూము, బోదె
- ఆగు – ఆపు, తిరుగు – తిప్పు వంటి క్రియల జంటలు
- రాసే భాషకీ మాట్లాడే భాషకీ తేడా

చదవడానికి ముందు

1. మీ ఇంట్లో కుళాయి ధార ఎప్పుడైనా సన్నబడిందా? అప్పుడు పెద్దవాళ్లు ముందు ఏం చూశారు?
2. చేపలకు ఊపిరి ఎక్కడి నుంచి వస్తుంది? మీకు తెలిసింది రెండు వాక్యాల్లో చెప్పండి.

పాఠం

ఖతర్‌లో ఏడాది పొడవునా పారే నది ఒక్కటి కూడా లేదు. వాన కూడా ఏడాది మొత్తం మీద 100 మిల్లీమీటర్ల లోపే పడుతుంది. అందుకే దోహాలో మన కుళాయిల్లో వచ్చేది దాదాపు అంతా సముద్రపు నీరే. రాస్ అబూ ఫొంటాస్ వంటి చోట్ల పెద్ద కర్మాగారాల్లో ఆ నీటిలో ఉప్పు తీసేస్తారు. తర్వాత కహ్రమా సంస్థ దాన్ని ఇళ్లకు పంపుతుంది. చాలా భవనాల్లో ఆ నీళ్లు ముందు మేడ మీది ట్యాంకుకు ఎక్కి, అక్కడి నుంచి కుళాయిలకు దిగుతాయి. ఎండాకాలంలో చన్నీళ్ల కుళాయి తిప్పినా వేడినీళ్లు రావడం దోహా పిల్లలందరికీ అనుభవమే.

ఇలాంటి చోట ఇంట్లో చేపల తొట్టె పెట్టుకోవడమంటే చిన్న చెరువును చూసుకోవడమే. ఆ చెరువుకు గుండెకాయ ఫిల్టర్. ఫిల్టర్ చేసే పనులు మూడు. ఒకటి, నీటిలోని చెత్తను పట్టి ఉంచుతుంది. రెండు, నీటిని కదిలిస్తుంది. కదిలే నీటికి పైనున్న గాలి నుంచి ఆక్సిజన్ బాగా అందుతుంది. మూడోది కంటికి కనిపించదు. చేపల వ్యర్థం నుంచి అమ్మోనియా పుడుతుంది. అది చేపలకు విషం. ఫిల్టర్‌లోని స్పాంజికీ సిరామిక్ రింగులకీ అంటుకుని బతికే మేలు చేసే బాక్టీరియా ఆ అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. నైట్రేట్ మాత్రం అంత ప్రమాదం కాదు, వారం వారం కొంత నీరు మారిస్తే తగ్గిపోతుంది.

ఆ బాక్టీరియాకు కూడా ఆక్సిజన్ కావాలి. ఫిల్టర్‌లో నీళ్లు పారినంతసేపే దానికి ఊపిరి అందుతుంది. ధార సన్నబడితే చేపలకూ కష్టం, బాక్టీరియాకూ కష్టం. పైగా నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. మంచినీటిలో 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది. 32 డిగ్రీల దగ్గర సుమారు 7.3 మిల్లీగ్రాములే పడుతుంది. వేసవిలో ఏసీ ఆపేసిన గదిలో ఫిల్టర్ కూడా నెమ్మదిస్తే ఏమవుతుందో ఊహించండి.

ముందు కొలవండి

"ధార తగ్గినట్టుంది" అంటే సరిపోదు. ఎంత తగ్గింది? దీనికి ఒక లీటరు జగ్గు, ఫోన్‌లోని గడియారం చాలు. ఫిల్టర్ నుంచి తొట్టెలోకి నీళ్లు వచ్చే గొట్టాన్ని నీటి పైకి ఎత్తి, జగ్గులో పట్టండి. జగ్గు నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. గంటకు 3600 సెకన్లు కదా. 3600ను ఆ సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని లీటర్లు పారుతున్నాయో తెలుస్తుంది.

ఉదాహరణ: జగ్గు 12 సెకన్లలో నిండితే, 3600 ÷ 12 = 300. అంటే గంటకు 300 లీటర్లు. అదే జగ్గు 30 సెకన్లలో నిండితే గంటకు 120 లీటర్లే.

60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 36 ఎత్తు ఉన్న తొట్టెలో అంచుదాకా నింపితే సుమారు 65 లీటర్లు పడతాయి. తొట్టెలోని నీరంతా గంటకు నాలుగు సార్లు ఫిల్టర్ గుండా వెళ్లాలని చేపలు పెంచేవాళ్లు ఒక లెక్క చెబుతారు. అంటే ఈ తొట్టెకు గంటకు 260 లీటర్లు కావాలి. 300 ఉంటే బాగున్నట్టే, 120 ఉంటే వెతకాల్సిందే.

ప్రతిసారీ గొట్టాన్ని ఒకే ఎత్తులో పట్టుకుని కొలవండి. పెట్టె మీద రాసిన అంకెతో పోల్చకండి. ఆ అంకె చాలాసార్లు లోపల స్పాంజి, రింగులు ఏవీ లేకుండా కొలిచింది. మీ ఫిల్టర్ శుభ్రంగా ఉన్న రోజున మీరే కొలిచి రాసుకున్న అంకెతో పోల్చండి.

నీటి దారి వెంట నడవండి

గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అక్కడి నుంచి కాలువలు, కాలువల నుంచి పంట బోదెలు, బోదెల నుంచి చేలు. చేలోకి నీళ్లు రాకపోతే రైతు చేలోనే నిలబడి ఆలోచించడు. పార భుజాన వేసుకుని బోదె వెంట ఎదురు నడుస్తాడు. ఎక్కడ పూడిక పడింది? ఎక్కడ గండి పడింది? తూము తలుపు ఎంత ఎత్తారు? నీళ్లు ఎక్కడిదాకా నిండుగా ఉన్నాయో, ఎక్కడి నుంచి తగ్గాయో చూస్తే చాలు. లోపం ఆ రెండు చోట్లకీ మధ్యలోనే ఉంటుంది.

తొట్టె కింద బీరువాలో పెట్టే డబ్బా ఫిల్టర్‌ను క్యానిస్టర్ ఫిల్టర్ అంటారు. దానికీ ఇదే పద్ధతి. చేయి పెట్టే ముందు ప్లగ్గు తీసేయాలి. ఇది మొదటి నియమం. పెద్దవాళ్లు పక్కన ఉండాలి. ఇది రెండోది.

1. తొట్టెలో నీటి మట్టం. నీరు ఆవిరై మట్టం తగ్గిందా? లోపలికి లాగే గొట్టం నోరు నీటి పైకి వస్తే అది గాలిని పీలుస్తుంది.

2. లోపలికి లాగే జల్లెడ. ఆకులు, నత్తలు, తినకుండా వదిలేసిన మేత అడ్డుపడ్డాయా?

3. కిందికి దిగే గొట్టం. బీరువా తలుపు వెనక నలిగిందా? మడత పడిందా? గొట్టానికి ఉన్న చిన్న కుళాయి పూర్తిగా తెరిచి ఉందా? గొట్టం లోపల గోధుమ రంగు పాచి పట్టిందా? సన్నటి పొర పాచి కూడా దారిని బాగా ఇరుకు చేస్తుంది.

4. డబ్బా లోపల. స్పాంజి మురికితో నిండిందా? తెల్లటి సన్న దూది పొర మూసుకుపోయిందా? అన్నిటికంటే ముందు పూడుకుపోయేది ఆ దూదే.

5. మోటారు. అందులో తిరిగే చిన్న రెక్కల చక్రాన్ని ఇంపెల్లర్ అంటారు. దానికి వెంట్రుకలు, దారాలు చుట్టుకున్నాయా? తెల్లటి గార పట్టిందా? రెక్క విరిగిందా?

6. పైకి వచ్చే గొట్టం, చివర చిల్లుల గొట్టం. చిల్లులు మూసుకుపోయాయా?

వీటితో పాటు ఒక చప్పుడు వినండి. డబ్బాలో గలగలమంటూ గాలి చప్పుడు వస్తే లోపల గాలి చిక్కుకుందని అర్థం. ఫిల్టర్ నడుస్తుండగా డబ్బాను మెల్లగా అటూ ఇటూ వంచితే గాలి బుడగలు బయటికి పోతాయి. మళ్లీ మళ్లీ గాలి చేరుతుంటే మూత దగ్గరి రబ్బరు రింగు సరిగా కూర్చోలేదేమో, గొట్టం అతుకు వదులైందేమో చూడాలి.

ముఖ్యమైన మాట: ఒక్కసారి ఒక్కటే మార్చండి, మార్చాక మళ్లీ కొలవండి. అన్నీ ఒకేసారి విప్పి కడిగేస్తే ధార వస్తుందేమో కానీ, లోపం ఎక్కడుందో తెలియదు. వచ్చే నెల మళ్లీ మొదటికే వస్తుంది.

సంభాషణ

జూలై నెల. దోహాలో ఒక తెలుగు కుటుంబం సెలవులకు భీమవరం బయలుదేరడానికి ఇంకా ఐదు రోజులుంది. తొట్టెలో గప్పీ చేపలున్నాయి. అమ్మాయి వీడియో కాల్‌లో తాతయ్యతో మాట్లాడుతోంది. తాతయ్య చాలా ఏళ్లు చేపల చెరువులు చేసినవాడు.

అమ్మాయి: తాతయ్యా, ఫిల్టర్ నీళ్లు సన్నగా వస్తున్నాయండి. ఇదివరకు జగ్గు 12 సెకన్లలో నిండేది. ఇవాళ 30 పట్టింది.

తాతయ్య: కొలిచావా? మంచి పని చేశావు తల్లీ. చేపలు ఎలా ఉన్నాయి?

అమ్మాయి: పొద్దున్నే అన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఆకలేమో అనుకున్నాను.

తాతయ్య: ఆకలి కాదమ్మా, గాలి చాలట్లేదు. మా చెరువుల్లోనూ అంతే. తెల్లారగట్ల నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోద్ది. చేపలు తేలాయంటే వెంటనే ఏరేటర్లు వేసేవాళ్లం. నువ్వు ఇప్పుడు మేత తగ్గించు. గాలి పంపు ఉందా?

అమ్మాయి: పాతది ఒకటి ఉందండి.

తాతయ్య: ముందు అది పెట్టు. తర్వాత వెతుకుదాం.

నాన్న: నాన్నగారూ, ఎలాగూ ఊరికి వస్తున్నాం కదండీ. స్పాంజి, రింగులు అన్నీ తీసి కుళాయి కింద శుభ్రంగా కడిగేసి, కొత్త స్పాంజి వేసి వద్దామనుకుంటున్నాను.

తాతయ్య: వద్దురా. స్పాంజిలో ఉన్నది ఒట్టి మురికి కాదు, అందులో ప్రాణం ఉంది. కుళాయి నీళ్లలో క్రిములు చావడానికి మందు కలుపుతారు కదా. అది మంచి బాక్టీరియానీ చంపేస్తది. పైగా మీ దగ్గర ఇప్పుడు కుళాయి నీళ్లు వేడిగా వస్తాయి. ఇవాళ కడిగి, ఐదు రోజుల్లో బండెక్కితే, మీరు లేనప్పుడు నీళ్లు విషమవుతాయి. చూసేవాళ్లు ఎవరు?

నాన్న: మరి ఏం చేయమంటారు?

తాతయ్య: ముందు లోపం ఎక్కడుందో తేల్చండి. స్పాంజి, రింగులు బయటికి తీసి, తొట్టెలోని నీళ్లే బకెట్లో పోసి అందులో ముంచి ఉంచండి. ఖాళీ డబ్బాతో ఫిల్టర్ నడిపి మళ్లీ కొలవండి.

*(పావుగంట తర్వాత)*

అమ్మాయి: ఖాళీ డబ్బాతో కూడా 28 సెకన్లు పట్టింది!

తాతయ్య: చూశావా? స్పాంజి తీసేసినా ధార పెరగలేదు. అంటే అడ్డం స్పాంజిలో లేదు. మోటారులో గానీ గొట్టాల్లో గానీ ఉంది. ప్లగ్గు తీసి ఇంపెల్లర్ ఊడదీయండి.

నాన్న: అబ్బో, వెంట్రుకలు చుట్టుకున్నాయి. ఇరుసు చుట్టూ తెల్లగా గార కూడా పట్టింది.

తాతయ్య: వెంట్రుకలు తీసేయ్. ఆ చక్రాన్ని వెనిగర్‌లో ఒక అరగంట నానబెట్టి, పాత పళ్ల బ్రష్‌తో రుద్ది, మంచినీళ్లతో బాగా కడుగు. అది కూర్చునే గుంటలో కూడా బ్రష్ తిప్పు.

*(గంట తర్వాత)*

అమ్మాయి: స్పాంజి, రింగులు మళ్లీ పెట్టేశాం తాతయ్యా. ఇప్పుడు 13 సెకన్లు!

తాతయ్య: భేష్! ఒక్క చక్రం శుభ్రం చేస్తే సరిపోయింది. ప్రాణం ఉన్నదాన్ని ముట్టుకోలేదు. ఇంకో మాట. బయలుదేరేటప్పుడు మీ నాన్న మెయిన్ స్విచ్ ఆపేస్తాడేమో, గుర్తుచెయ్యి.

నాన్న: ఏటా ఆపే వస్తాను కదండీ...

అమ్మాయి: ఈసారి నేనే చీటీ రాసి స్విచ్ బోర్డుకు అంటిస్తాను!

తెలుసుకోండి

ఫిల్టర్ కొన్ని గంటలపాటు ఆగిపోతే మూసి ఉన్న డబ్బాలో ఆక్సిజన్ అయిపోతుంది. బాక్టీరియా చావడం మొదలవుతుంది, నీళ్లు కంపు కొడతాయి. అప్పుడు స్విచ్ వేస్తే ఆ చెడ్డ నీళ్లన్నీ తొట్టెలోకి వెళతాయి. అందుకే ముందు డబ్బా విప్పి ఆ నీళ్లు పారబోయాలి. స్పాంజినీ రింగులనూ తొట్టెలో నుంచి తీసిన నీళ్లతో తేలికగా కడిగి, ఆ తర్వాతే నడపాలి.

స్పాంజిని మామూలుగా శుభ్రం చేసేటప్పుడు కూడా తొట్టె నీళ్లే వాడాలి. స్పాంజి, రింగులు రెండూ ఒకేరోజు కడగకూడదు. ఒకటి ఈ నెల, ఒకటి వచ్చే నెల. గోదావరి డెల్టాలో వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీసినట్టు, ఇది కూడా సమయం చూసి చేసే పని. ఊరికి వెళ్లే ముందు వారం మాత్రం ఆ సమయం కాదు.

కొత్త మాటలు

- ధార: తెగకుండా పడే నీరు. "కుళాయి ధార సన్నబడింది."
- పాచి: నీటిలో రాళ్ల మీద, గొట్టాల లోపల పట్టే జిగురు పొర.
- గార: గట్టిగా అంటుకునే తెల్లటి పొర. పళ్లకు పట్టేదాన్నీ గార అనే అంటారు.
- పూడిక: కాలువ అడుగున చేరే మట్టి. "పూడిక తీశారు."
- తూము: చెరువు నుంచో కాలువ నుంచో నీళ్లు వదిలే దారి.
- బోదె: చేలోకి నీళ్లు తెచ్చే చిన్న కాలువ.
- గండి: గట్టు తెగి నీళ్లు బయటికి పోయే చోటు.
- మట్టం: నీరు ఎంత ఎత్తున ఉందో ఆ హద్దు.
- ఇరుసు: చక్రం తిరగడానికి మధ్యలో ఉండే కడ్డీ.

భాషాంశం: జరిగిందా, చేశారా?

కొన్ని పనులు వాటంతట అవే జరుగుతాయి. కొన్నిటిని ఎవరో చేస్తారు. తెలుగులో ఈ రెండిటికీ వేరువేరు క్రియలున్నాయి. ఈ జంటలు చదవండి:

- ఆగు – ఆపు: ఫిల్టర్ ఆగింది. నాన్న ఫిల్టర్ ఆపాడు.
- తిరుగు – తిప్పు: చక్రం తిరిగింది. నేను చక్రం తిప్పాను.
- నిండు – నింపు: జగ్గు నిండింది. చెల్లి జగ్గు నింపింది.
- మునుగు – ముంచు: స్పాంజి మునిగింది. అమ్మ స్పాంజిని ముంచింది.
- వంగు – వంచు: గొట్టం వంగింది. అన్న గొట్టం వంచాడు.
- ఊడు – ఊడదీయు: అతుకు ఊడింది. మేం అతుకు ఊడదీశాం.

లోపం వెతికేటప్పుడు ఈ తేడా చాలా అవసరం. "ఫిల్టర్ ఆగింది" అంటే కారణం వెతకాలి. "ఫిల్టర్ ఆపారు" అంటే ఎవరు ఆపారో అడిగితే చాలు!

రాత భాష, మాట భాష

రాసేటప్పుడు: నీళ్లు రావడం లేదు. ఆక్సిజన్ పడిపోతుంది.

గోదావరి వైపు మాటల్లో: నీళ్లు రావట్లేదు. ఆక్సిజన్ పడిపోద్ది.

తెలంగాణ మాటల్లో: నీళ్లు వస్తలేవు.

దోహాలో కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. మీ ఇంట్లో ఎలా అంటారో అడిగి రాసుకోండి. అన్నీ తెలుగే, ఏదీ తప్పు కాదు.

అభ్యాసాలు

1. జవాబులు రాయండి.

అ) చేపలు పైకి వచ్చి నోళ్లు ఎందుకు తెరిచాయి?
ఆ) స్పాంజిని కుళాయి కింద కడగవద్దని తాతయ్య ఎందుకన్నాడు? రెండు కారణాలు చెప్పండి.
ఇ) ఖాళీ డబ్బాతో కొలిచినందువల్ల ఏం తేలింది?

2. లెక్క చేయండి.

లీటరు జగ్గు 20 సెకన్లలో నిండింది. గంటకు ఎన్ని లీటర్లు? 65 లీటర్ల తొట్టెకు అది సరిపోతుందా?

3. లోపం ఎక్కడ? పాఠంలోని ఆరు చోట్లలో ఒకటి ఎంచుకుని, కారణం చెప్పండి.

అ) స్పాంజి తీసేయగానే జగ్గు 30 సెకన్లకు బదులు 11 సెకన్లలోనే నిండింది.
ఆ) మోటారు చప్పుడు వస్తోంది, నీళ్లు మాత్రం చుక్క కూడా రావడం లేదు. నిన్ననే అన్న గొట్టం కుళాయి మూసి డబ్బా కడిగాడు.
ఇ) రెండు వారాలుగా ఎవరూ తొట్టెలో నీళ్లు పోయలేదు. ఫిల్టర్ గలగలమంటోంది.

4. సరైన క్రియతో పూరించండి.

అ) గొట్టం మడత పడి నీళ్లు ______. (ఆగాయి / ఆపాయి)
ఆ) తమ్ముడు బకెట్ ______. (నిండాడు / నింపాడు)
ఇ) వెంట్రుకలు చుట్టుకుని చక్రం ______. (తిరగలేదు / తిప్పలేదు)

5. చీటీ రాయండి.

మీరు నాలుగు వారాలు ఊరికి వెళుతున్నారు. పక్కింటి ఆంటీ రోజూ వచ్చి చేపలకు మేత వేస్తారు. ఆవిడకు ఐదు వాక్యాల చీటీ రాయండి. మేత ఎంత వేయాలి, ఏ స్విచ్ ఆపకూడదు, ధార ఎలా చూడాలి, చేపలు పైకి తేలితే ముందు ఏం చేయాలి, మీకు ఎప్పుడు ఫోన్ చేయాలి అన్నవి అందులో ఉండాలి. పెద్దవాళ్లకు రాస్తున్నారు కాబట్టి "వేయండి", "చూడండి" అనే రూపాలు వాడండి. ఏ రోజు మేత ఆ రోజుకు చిన్న పొట్లాలు కట్టి పెడితే ఎక్కువ పడే భయం ఉండదు. ఆ మాట కూడా చీటీలో చేర్చండి.

ఇంట్లో మాట్లాడండి

మీ తాతయ్యకో, అమ్మమ్మకో, నానమ్మకో ఫోన్ చేసి అడగండి: వాళ్ల ఊళ్లో చేలకు నీళ్లు ఎక్కడి నుంచి వచ్చేవి? ఆగిపోతే ఎవరు వెళ్లి చూసేవారు? వాళ్లు చెప్పినదాంట్లో మీకు కొత్తగా వినిపించిన మూడు మాటలు రాసుకుని, వచ్చే తరగతికి తీసుకురండి.